నాన్న నలభై ఏడు జంపులు

పోయిన నెల నాన్నని మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. బెంగళూరులో మా ఇంటికి వచ్చి పదిరోజులైంది. లిఫ్ట్ పాడైన రోజు మెట్లు దిగలేక మధ్యలో కూర్చుండిపోయాడని పక్కింటావిడ ఫోన్ చేసి చెబితే తెలిసింది నాకు. తనైతే చెప్పడు.

డాక్టర్ ఎక్స్‌రే ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. "ఏం పని చేసేవారు మీరు?" అన్నాడు.

"మిలిటరీ సార్. పారా."

"అంటే పారాచూట్‌తో దూకేవారా? ఎన్నిసార్లు దూకారు?"

"నలభై ఏడు జంపులు." డాక్టర్ తలూపి మళ్ళీ ఎక్స్‌రే వైపు తిరిగాడు. ఎవరూ అడక్కుండానే నాన్న ఇంకో మాట అన్నాడు. "యుద్ధంలో ఒక్కటీ లేదు సార్. అన్నీ ప్రాక్టీసువే."

ఆ రెండో మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. చిన్నప్పట్నించీ వింటున్నాను. ఊళ్ళో ఎవరైనా "మిలిటరీ మావయ్యా, యుద్ధంలో దూకావా?" అని అడిగితే, క్షమించమన్నట్టు అదే మాట చెప్పేవాడు. తిరుగు దారిలో మేఖ్రీ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఒక ఆర్మీ ట్రక్కు మా ఆటో పక్కన ఆగింది. వెనకాల మెరూన్ బెరె, అంటే పారావాళ్ళ టోపీ, పెట్టుకున్న కుర్రాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. పారాచూట్ రెజిమెంట్ ట్రైనింగ్ సెంటర్ 1992లో ఆగ్రా నుంచి బెంగళూరుకి మారింది, అక్కడికి దగ్గరే. నాన్న ఆటోలోనే నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాడు. సిగ్నల్ పడి ట్రక్కు వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నాడు.

ఆ రాత్రే కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. నాన్న చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఊరు. పక్కనే మాధవరం, అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మా వైపు కుర్రాడు పట్టాళంలో చేరడం వింత కాదు. నాన్న 1973లో, పంతొమ్మిదేళ్ళకి చేరాడు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్. లక్నోలో ట్రైనింగ్ అయ్యాక, పారాకి వాలంటీర్లు కావాలంటే చెయ్యెత్తాడు. ఎందుకెత్తావు నాన్నా అంటే "టోపీ బాగుంది" అనేవాడు. పోస్టింగ్ ఆగ్రా, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. అంటే పారా సైనికులతో పాటు దూకి, దిగినచోటే గాయపడినవాళ్ళకి వైద్యం చేసే దళం. నిజానికి నాన్నది రెజిమెంట్ కాదు, రెజిమెంట్‌కి ఆనుకుని ఉండే యూనిట్. కానీ బ్రిగేడ్ ఒకటే, టోపీ ఒకటే, ఆకాశమూ ఒకటే.

ఆగ్రాలో మేం ఉన్న క్వార్టర్స్ నుంచి దూకినవాళ్ళు దిగే మైదానం, మల్పురా డ్రాప్ జోన్ వైపు వెళ్ళే విమానాలు కనిపించేవి. నా చిన్నప్పుడు ప్యాకెట్ విమానాలుండేవి, రెండు తోకలవి. తర్వాత ఏఎన్-32లు, ఇల్యూషిన్‌లు వచ్చాయి. జంపు ఉన్న రోజు పొద్దున్నే పిల్లలందరం వీధిలోకి పరిగెత్తేవాళ్ళం. విమానం కడుపులోంచి చిన్న చిన్న చుక్కలు రాలేవి, ఒక్కో చుక్కా ఒక్కసారిగా విచ్చుకునేది. మేం లెక్కపెట్టేవాళ్ళం. అమ్మ లెక్కపెట్టేది కాదు. విమానం మోత వినపడగానే లోపలికి వెళ్ళి ఏదో పని పెట్టుకునేది.

ఎలా దూకుతారో నాన్న ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడిగేదాన్ని. ముందు వీపు మీద పెద్ద ఛత్రీ, ఛాతీ మీద రిజర్వు ఛత్రీ. పారాచూట్ అనే మాట నాన్న నోట ఎప్పుడూ రాలేదు, ఛత్రీయే. ఎక్కేముందు అందరూ గట్టిగా "ఛత్రీ మాతా కీ జై" అంటారు. విమానంలో తల పైన ఒక ఇనప తీగ ఉంటుంది, ఛత్రీ నుంచి వచ్చే పట్టీ కొక్కేన్ని దానికి తగిలించాలి. నీ కొక్కెం నువ్వు చూసుకోవాలి, నీ ముందువాడి వీపు కూడా నువ్వే చూడాలి. ఎందుకంటే వాడి వీపు వాడికి కనపడదు. ఎర్ర దీపం వెలుగుతుంది. ఆకుపచ్చ దీపం వెలగ్గానే ఒకడి వెనక ఒకడు. తలుపు దగ్గర ఆలోచించడానికి టైముండదు, ఉండకూడదు కూడా. పట్టీ లాగి ఛత్రీని తెరుస్తుంది. నాలుగు లెక్కపెట్టి తలెత్తి చూడాలి. గుండ్రంగా, ఎక్కడా చిరక్కుండా, తాళ్ళు మెలిపడకుండా ఉందా? ఉంటే ఆ తర్వాతి అరనిమిషం లాంటి ప్రశాంతత భూమ్మీద ఎక్కడా లేదనేవాడు.

ఆ తర్వాత భూమి వస్తుంది. అక్కడే ఉంది కిటుకంతా. క్వార్టర్స్ వెనక నడుమెత్తు గోడ ఒకటుండేది. నన్నూ తమ్ముణ్ణీ దాని మీద నిలబెట్టి దూకించేవాడు. "కాళ్ళు కలుపు. మోకాళ్ళు కలుపు. గడ్డం ఛాతీకి ఆనించు. నేల వైపు చూడకు, చూస్తే కాలు ముందుకు చాస్తావు, విరుగుతుంది." కాళ్ళు తగలగానే పక్కకి పడాలి. పాదం, పిక్క, తొడ, పిర్ర, భుజం, ఈ వరసలో నేలని తాకుతూ దొర్లాలి. దెబ్బని ఒంట్లో ఒక్కచోటే మోయకుండా అంతా పంచాలన్నమాట. నలభై ఏడుసార్లు అలా పంచినా చివరికి మోకాళ్ళలో కొంత మిగిలిపోయింది.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

భారత సైన్యంలో పారాచూట్ దళం రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టింది. 1941 అక్టోబర్‌లో ఢిల్లీలో 50వ పారాచూట్ బ్రిగేడ్ ఏర్పాటైంది. అందులో మూడు బెటాలియన్లు: 151 బ్రిటిష్‌వాళ్ళది, 152 భారతీయులది, 153 గూర్ఖాలది. మొదట్లో విమానాలూ తక్కువే, ఛత్రీలూ తక్కువే. కాన్పూరులో ఛత్రీలు కుట్టే ఫ్యాక్టరీ వచ్చాక ఊపిరాడింది. ఇప్పుడు సఫ్దర్‌జంగ్ అంటున్న ఢిల్లీ విల్లింగ్డన్ విమానాశ్రయంలో శిక్షణ మొదలై, మరుసటి ఏడాది రావల్పిండి దగ్గర చక్లాలాకి మారింది. ఛత్రీ కట్టుకుని దూకిన మొదటి భారతీయుడిగా రికార్డులో ఉన్నది 152వ బెటాలియన్ మెడికల్ ఆఫీసర్ ఏ.జి. రంగరాజ్. డాక్టర్! ఆయనతో పాటు హవల్దార్ మేజర్ మథురా సింగ్ కూడా దూకాడు. నాన్న ఈ విషయం చెప్పేటప్పుడు గొంతు మారేది. "ఫస్టు దూకింది మన మెడికల్ వాడే, తెలుసా" అనేవాడు.

ఆ బ్రిగేడ్ మొదటి పెద్ద యుద్ధం ఛత్రీతో జరగలేదు. ఈ సంగతి తెలుసుకున్నప్పుడు నాకు చాలా ఆశ్చర్యమేసింది.

1944 మార్చి. అడవిలో శిక్షణ కోసమని బ్రిగేడ్‌ని మణిపూర్ కొండల్లోకి, ఉఖ్రుల్ వైపు పంపారు. అక్కడికి జపాన్ సైన్యం పెద్దఎత్తున వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇంఫాల్, కొహిమాల మీదికి జపాన్‌వాళ్ళు మొదలుపెట్టిన దండయాత్ర సరిగ్గా ఆ దారిలోనే వచ్చిపడింది. మార్చి 19న 152వ బెటాలియన్ సి కంపెనీ ఒక కొండ మీద ఒంటరిగా దొరికింది. రాత్రంతా పోరాడారు. మర్నాటికి ఆ కంపెనీలో బతికి బయటపడింది కొద్దిమందే. మిగిలిన బ్రిగేడ్ వెనక్కి తగ్గి సాంగ్‌షాక్ అనే నాగా పల్లెలో నిలబడింది.

ఆ స్థలం గురించి చదువుతుంటే నాకు గొంతు ఎండిపోయింది. కిలోమీటరు పొడవు కూడా లేని కొండ. నేల కింద రాయి, మూడడుగుల కంటే లోతు తవ్వలేరు. ముళ్ళతీగ లేదు. అన్నిటికన్నా ఘోరం, లోపల నీటి ఊట లేదు. రెండు వేలకు దగ్గరగా మనుషులు, వాళ్ళతో కంచరగాడిదలు. వాటికి గుళ్ళు తగిలి చచ్చి అక్కడే కుళ్ళిపోయాయి. విమానాలు పైనుంచి నీళ్ళూ మందుగుండూ ఛత్రీలతో జారవిడిస్తే ఎక్కువభాగం గాలికి కొట్టుకుపోయి జపాన్‌వాళ్ళ వైపే పడ్డాయి. ఎన్ని వందలసార్లు ఛత్రీ మీద దిగినవాళ్ళో వాళ్ళంతా! తమ ఛత్రీలే శత్రువు ఒళ్ళో వాలుతుంటే దాహంతో చూస్తూ ఉండాల్సొచ్చింది. కొండ మీద ఒక చిన్న చర్చి ఉండేది. పోరు దాని చుట్టూ జరిగింది. ఒకసారి వీళ్ళ చేతిలో, ఒకసారి వాళ్ళ చేతిలో.

మార్చి 26 రాత్రి వెళ్ళిపొమ్మని ఆర్డరొచ్చింది. నడవగలిగినవాళ్ళు గాయపడినవాళ్ళని మోసుకుంటూ చీకట్లో అడవిలోకి జారుకున్నారు. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, కనపడకుండా పోయినవాళ్ళు కలిపి ఆరు వందల పైనే. కానీ ఆ వారం రోజుల్లో ఇంఫాల్, కొహిమా తేరుకున్నాయి. పైగా చనిపోయిన జపాన్ అధికారి దగ్గర దొరికిన మ్యాపుల్లో వాళ్ళ ప్లానంతా ఉంది. ఆ మ్యాపుల్ని శత్రువుల మధ్యనుంచే ఇంఫాల్ చేర్చారు. అయినా మొదట్లో వాళ్ళకి దక్కింది మెప్పు కాదు, నింద. అక్కడి సైన్యాన్ని నడిపించిన జనరల్ స్లిమ్ వాళ్ళ పాత్రని గుర్తించడం తర్వాత జరిగింది. కొహిమా గురించి ఎంత రాశారో, సాంగ్‌షాక్ గురించి అంత తక్కువ రాశారు. తెలుగులో నాకసలు కనపడలేదు.

రెజిమెంట్ అన్న పేరు 1945 మార్చి 1న వచ్చింది. ఆ యుద్ధంలో వాళ్ళకి గట్టిగా ఒకే ఒక్క జంపు దక్కింది, అది 1945 మే 1న రంగూన్ నది నోటి దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో. గూర్ఖాలతో కట్టిన ఒక మిశ్రమ బెటాలియన్ అక్కడ దిగింది. ముందుకెళ్తుంటే మన వైపు విమానాల బాంబులే వాళ్ళ మీద పడి కొందరు పోయారు. అయినా జపాన్‌వాళ్ళ బంకర్లు పట్టుకున్నారు. నదిలోకి ఓడలకి దారి తెరుచుకుంది. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అంటారు కదా. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో రంగం వెళ్ళినవాళ్ళ ఇళ్ళు రెండు మూడుండేవి. బాంబులు పడ్డప్పుడు అక్కణ్ణించి అడవుల్లో నడుచుకుంటూ వచ్చేసిన కథలే విన్నాం. ఆ రంగం మళ్ళీ చేతికొచ్చిన రోజుల్లో నది నోటి దగ్గర దిగిన గూర్ఖాల సంగతి ఎవరూ చెప్పలేదు.

1947లో దేశంతో పాటు ఈ దళాన్నీ పంచారు. 50, 77 బ్రిగేడ్‌లు మనకి, 14వది పాకిస్తాన్‌కి. చక్లాలా స్కూలు అటే ఉండిపోయింది. అలా ఆగ్రా వచ్చింది కథలోకి.

ఆ వెంటనే పాకిస్తాన్‌తో కశ్మీర్ యుద్ధం. బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్ 77వ పారా బ్రిగేడ్‌కి కమాండర్‌గా ఉండి, 1947 చివర్లో 50వ పారా బ్రిగేడ్ పగ్గాలు తీసుకున్నాడు. అప్పుడే ఝంగర్ అనే ఊరు చేజారింది. ఝంగర్ మళ్ళీ దక్కేదాకా మంచం మీద పడుకోనని ఒట్టేసుకుని, ఆ కశ్మీర్ చలికాలంలో నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. నౌషేరాలో అనాథలైన పిల్లల్ని చేరదీసి బాలసేన కట్టాడు. వాళ్ళు కాల్పుల మధ్య కబుర్లు చేరవేశారు. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా నిలబడింది. ఆ రోజే తైన్‌ధార్ కొండ మీద 1 రాజ్‌పుత్‌కి చెందిన నాయక్ జదునాథ్ సింగ్ ఒక్కడే మిగిలి పోరాడి ప్రాణం వదిలాడు, పరమవీర చక్ర ఇచ్చారు. అతని బెటాలియన్ అప్పుడు ఈ బ్రిగేడ్‌లోనే ఉంది. మార్చిలో ఝంగర్ తిరిగి దక్కింది. ఉస్మాన్‌కి పడుకోవడానికి ఒక మంచం ఎరువు తెచ్చారు. జూలై 3న ఫిరంగి గుండు పడి ఆయన పోయాడు. ముప్పై ఆరో పుట్టినరోజుకి పన్నెండు రోజులుంది.

ఇక్కడా ఛత్రీ లేదు. కొండలు, చలి, నడక.

1952 ఏప్రిల్ 15న రెజిమెంట్‌ని ఇప్పటి రూపంలో కట్టారు. పంజాబ్, మరాఠా, కుమావ్ పారా బెటాలియన్లు 1 పారా, 2 పారా, 3 పారా అయ్యాయి. కానీ అంతకు ముందే నాన్న యూనిట్ కొరియా యుద్ధానికి వెళ్ళింది. ఇంట్లో మాకు ఈ కథే ఎక్కువ తెలుసు, ఎందుకంటే యూనిట్‌లో కొత్తగా చేరినవాడికి అన్నం కన్నా ముందు ఇదే వడ్డించేవారట.

1950 నవంబర్‌లో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ కొరియాలో పుసాన్ రేవులో దిగింది. మూడు వందల పైచిలుకు మంది. కమాండర్ ఎవరో కాదు, మొదట దూకిన ఆ డాక్టరే, లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్. మనం అక్కడికి సైన్యాన్ని పంపలేదు, వైద్యాన్ని పంపాం. డిసెంబర్‌లో చైనా సైన్యం పైనుంచి ముంచుకొస్తుంటే ప్యాంగ్‌యాంగ్ ఖాళీ చెయ్యమన్నారు. వీళ్ళకి లారీలు లేవు. మందులు, ఆపరేషన్ సామాను, మంచాలు అన్నీ వదిలేసి ప్రాణాలు దక్కించుకోవాలి, లేదా ఏదో ఒకటి చెయ్యాలి. సామాను లేని డాక్టర్ ఏ పనికొస్తాడు? స్టేషన్‌లో వదిలేసిన ఒక పాత ఆవిరి ఇంజిన్ దొరికింది, కొన్ని పెట్టెలు దొరికాయి. బాయిలర్‌లో నీళ్ళు లేవు. జవాన్లు వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటూ నింపారు. నిప్పు రాజేశారు. సామానంతా ఎక్కించి, వంతెన పేల్చేయడానికి ముందే నది దాటించి దక్షిణానికి తెచ్చుకున్నారు.

ఆ బకెట్ల వరస గురించి నాన్న చెబుతుంటే, మా ఊళ్ళో గడ్డివాము అంటుకున్నప్పుడు చెరువు నుంచి జనం కట్టిన వరస గుర్తొచ్చేది నాకు.

తర్వాతి మార్చి 23న, 1951లో, మున్సాన్-ని దగ్గర అమెరికన్ 187వ రెజిమెంట్ దళం ఆకాశం నుంచి దిగింది. వాళ్ళతో పాటు రంగరాజ్ తన చిన్న వైద్య బృందాన్ని తీసుకుని దూకాడు. దిగినచోటే టేబుళ్ళు పరిచి ఆపరేషన్లు మొదలుపెట్టారు. ఆయనకి మహావీర చక్ర వచ్చింది. మూడేళ్ళ పైన ఉన్నారక్కడ. సైనికులు, పల్లెజనం కలిపి రెండు లక్షల మందికి పైగా చూశారని లెక్క. "మెరూన్ ఏంజెల్స్" అని పిలిచేవారట.

1961లో పోర్చుగీసుల చేతిలోంచి గోవా. బ్రిగేడియర్ సగత్ సింగ్ 50వ పారా బ్రిగేడ్‌ని ఉత్తరం వైపునుంచి నడిపించి, అసలు దారిలో వస్తున్న డివిజన్ కంటే ముందు పణజి చేర్చాడు. మళ్ళీ కాలి నడకే, వాగులు ఈది. 1965 ఆగస్టులో, పాకిస్తాన్‌తో పోరులో, 1 పారా మేజర్ రంజిత్ సింగ్ దయాళ్ వెంట రాత్రంతా వానలో కొండెక్కి 28న కశ్మీర్‌లోని హాజీపీర్ కనుమ పట్టుకుంది. యుద్ధం అయ్యాక పాకిస్తాన్‌తో చేసుకున్న తాష్కెంట్ ఒప్పందంలో ఆ కనుమని తిరిగి ఇచ్చేశాం. దాని గురించి నాన్న తరం వాళ్ళతో మాట్లాడకూడదు, భోజనం సగంలో వదిలేస్తారు.

ఇన్నేళ్ళ తర్వాత, 1971 డిసెంబర్ 11న, రెజిమెంట్ తను పుట్టిన పని చేసింది.

తూర్పు పాకిస్తాన్‌లో పాక్ 93వ బ్రిగేడ్ ఉత్తరం నుంచి ఢాకా వైపు వెనక్కి తగ్గుతోంది. అది ఢాకా చేరితే అక్కడ పోరు ఇంకా గట్టిపడుతుంది. దారిలో టంగాయిల్ దగ్గర పూంగ్లీ వంతెన ఉంది. దాన్ని పట్టుకోవడానికి లెఫ్టినెంట్ కల్నల్ కుల్వంత్ సింగ్ పన్నూ నాయకత్వంలో 2 పారా బెటాలియన్ గ్రూపు సాయంత్రం పూట దిగింది. ఏడు వందల చిల్లర మంది. కలకత్తా డమ్‌డమ్ నుంచీ కలైకుండా నుంచీ డకోటాలు, ప్యాకెట్లు, ఏఎన్-12లు వెళ్ళాయి. కెప్టెన్ పి.కె. ఘోష్ ముందే వేషం మార్చుకుని లోపలికి వెళ్ళి, అక్కడి ముక్తి బాహిని నాయకుడు కాదర్ సిద్దీఖీ మనుషులతో మాట్లాడి దిగే చోటు చూసిపెట్టాడు.

నాకు చాలా ఇష్టమైన దృశ్యం ఇక్కడే ఉంది. ఛత్రీలు నేల తాకగానే చుట్టుపక్కల పల్లెల నుంచి జనం "జై బంగ్లా" అంటూ పరిగెత్తుకొచ్చారు. పొలాల్లో, చెరువుల్లో చెల్లాచెదురుగా పడ్డ మందుగుండు మూటలు తల మీద పెట్టుకుని సైనికులతో పాటు నడిచారు. చీకటి పడ్డాక కొద్దిసేపటికే వంతెన చేతికొచ్చింది. ఆ సంగతి తెలియని పాక్ బళ్ళు రాత్రి వరసగా వచ్చి తగులుకున్నాయి. మర్నాడు సాయంత్రానికి మరాఠా లైట్ ఇన్‌ఫెంట్రీ ఉత్తరం నుంచి వచ్చి కలిసింది. డిసెంబర్ 16న ఢాకాలోకి మొదట అడుగుపెట్టిన భారత దళం ఈ 2 పారాయే. పన్నూకి మహావీర చక్ర ఇచ్చారు.

కానీ ఆ రోజు ఫోటో తియ్యడానికి అక్కడెవరూ లేరు. పత్రికలకి ఇవ్వడానికి ఆగ్రాలో అంతకు ముందు జరిగిన ప్రాక్టీసు జంపు ఫోటో ఇచ్చారు. ఆకాశం నిండా ఛత్రీలున్న ఫోటో. అది దేశదేశాల పేపర్లలో వచ్చింది. దిగింది అయిదు వేల మంది అన్న వార్త కూడా పాకింది. ఢాకాలో కూర్చున్న పాక్ సైన్యానికి అదీ ఒక దెబ్బే.

నాన్న మమ్మల్ని వీధిలో నిలబెట్టి పైకి చూపించేవాడు. "ఆ పేపర్లో వచ్చిన ఆకాశం ఇదే" అనేవాడు. ఆ ఫోటోలో ఉన్నవాళ్ళలో ఎంతమంది టంగాయిల్లో దిగారో, ఎంతమంది దిగలేదో. వాళ్ళు దూకింది ప్రాక్టీసే. ఆ ప్రాక్టీసే వెళ్ళి ఢాకాలో ఒక యుద్ధం సగం గెలిచి వచ్చింది. డాక్టర్ ముందు నాన్న ఆ మాట అన్నప్పుడు నేనిది చెప్పాల్సింది. నోరు పెగల్లేదు.

ఇంక ఒక్క రోజు గురించి రాస్తాను.

1988 నవంబర్ 3, గురువారం. దీపావళికి ఇంకా వారం కూడా లేదు. నాకు పదేళ్ళు. నాన్న మధ్యాహ్నం భోజనానికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ అప్పుడే పప్పు తాలింపు వేస్తోంది. గేటు దగ్గర జీపు ఆగింది. ఒకతను లోపలికి రాకుండానే ఏదో చెప్పాడు. నాన్న లేచి, కంచం పక్కన పెట్టి, బూట్లు తొడుక్కున్నాడు. "ఎక్కడికి?" అంది అమ్మ. "తెలీదు" అన్నాడు. నిజంగానే తెలీదు. వెళ్ళేముందు ఎప్పుడూ అనే "వస్తా" కూడా ఆ రోజు తొందర్లో అనలేదు. అమ్మ ఆ విషయం ఇప్పటికీ చెబుతుంది.

సాయంత్రం ఇల్యూషిన్ విమానాలు లేచిన మోతకి మా కిటికీ అద్దాలు అదిరాయి. ఆ రోజు పొద్దున మాల్దీవుల్లో కిరాయి సైనికులు తిరుగుబాటు చేశారు. అక్కడి అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగాడు. ఢిల్లీ సరేనన్న కొన్ని గంటల్లోనే 6 పారా బయల్దేరింది. బ్రిగేడ్ కమాండర్ బ్రిగేడియర్ ఫరూఖ్ బల్సారా కూడా వాళ్ళతోనే. రెండు వేల కిలోమీటర్లకి పైగా, ఎక్కడా ఆగకుండా. అక్కడి విమానాశ్రయం హుల్హులే రన్‌వే శత్రువుల చేతిలో ఉంటే పైనుంచి దూకాలి, లేకపోతే దిగాలి అని ప్లాను. రాత్రి పదింటికి కాస్త ముందు చీకట్లో విమానాలు దిగాయి. దూకే అవసరం రాలేదు. తెల్లారకముందే గయూమ్ క్షేమంగా ఉన్నాడు. ఓడలో బందీలతో పారిపోయినవాళ్ళని నేవీ వెంటాడి పట్టుకుంది, ఆ నౌకల్లో ఒకదాని పేరు ఐఎన్ఎస్ గోదావరి. నాన్న ఈ ముక్క చెప్పకుండా ఈ కథ ఎప్పుడూ ముగించడు.

మొదటి విమానాల్లో నాన్న లేడు. అవసరమైతే వెనక వెళ్ళే బ్యాచ్‌లో ఉన్నాడు. వాళ్ళకి మందుల కిట్లు ఇచ్చి, ఛత్రీలు ఇచ్చి ఎయిర్‌ఫీల్డ్‌లో ఒక హ్యాంగర్ పక్కన కూర్చోబెట్టారు. ఆ రాత్రంతా కూర్చున్నారు. మర్నాడూ కూర్చున్నారు. ఆ రాత్రీ కూర్చున్నారు. ఛత్రీకి ఆనుకుని పడుకోకూడదు, ప్యాకింగ్ నలుగుతుంది. అందుకని పక్కన పెట్టుకుని, మీద చెయ్యేసుకుని పడుకున్నాడట. చలి మొదలైన రోజులు. ఎవరో తెచ్చిన టీ, పూరీ. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కిట్‌లో కట్లు, సూదులు, సెలైన్ సీసాలు మూడుసార్లు తీసి మళ్ళీ సర్దుకున్నాడు. చీకట్లో ఏది ఎక్కడుందో చేత్తో తెలియాలని.

అమ్మ ఆ రెండు రోజులూ రేడియో పక్కనే ఉంది. వార్తల్లో మాల్దీవులు అని విన్నాక నా స్కూలు అట్లాస్ తెప్పించింది. సముద్రం మధ్యలో చుక్కలు చూసి "ఇందులో దిగుతారా, నీళ్ళలో పడరూ?" అంది. తమ్ముడు, నేను ఏం చెప్పగలం.

మూడో రోజు పొద్దున, ఇంక అక్కర్లేదు, తిరిగి యూనిట్‌కి పొమ్మన్నారు. నాన్న తన ఛత్రీ మోసుకుని స్టోర్స్‌కి నడిచాడు. కౌంటర్ మీద పెట్టాడు. అవతలి హవల్దార్ సీలు చూశాడు, తాళ్ళు చూశాడు, నంబరు రిజిస్టర్‌లో వెతికాడు. వాడలేదని రాసుకుని, రిజిస్టరు ఇటు తిప్పాడు. నాన్న సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి పదైంది. అమ్మ ఏమీ అడగలేదు. పీట వేసింది.